కావలెను: ఒక వాగు

సాల్ట్‌విక్ రేవు, 1734

ఏప్రిల్ 8, సోమవారం

ఈ వారం పత్రిక ఎవరికీ కోపం తెప్పించకుండా బయటికి వెళ్లింది. నాకు కావలసింది అంతే.

పద్దెనిమిదేళ్లుగా ఈ అచ్చాఫీసు నడుపుతున్నాను. గవర్నరు గారి మాట ఎత్తను, ఆయన చుట్టాల మాట ఎత్తను, చర్చి జోలికీ పన్నుల జోలికీ పోను. లండన్ కబుర్లు వేస్తాను. అవి ఓడలో వచ్చేసరికి నాలుగు నెలలవుతుంది. ఈలోగా వాటిలో ఉన్నవాళ్ల కోపం చల్లారిపోతుంది, పైగా మధ్యలో సముద్రం ఉంది. ఇవాళ మొదటి పేజీలో టర్కీ సుల్తానును కాస్త కటువుగానే విమర్శించాను. జేబెజ్ హారోకి ధైర్యం లేదని ఎవరూ అనలేరు.

మూడో పేజీ అడుగున రెండు అంగుళాల ఖాళీ మిగిలిపోయింది. ఎవరో తలుపు కింద నుంచి ఒక ప్రకటన కాగితం తోసి వెళ్లారని కెజాయా చెప్పింది. నాకప్పుడు తలనొప్పిగా ఉంది. సరే, కూర్చెయ్యమన్నాను. అక్షరాలు కూర్చడంలో నా భార్య చెయ్యి నాకంటే వేగం. ఈ మాట బయట అనను. చివర్లో "వివరాలకు ప్రింటరును కలవండి" అన్న వరుస మాత్రం నేనే తగిలించాను. తప్పిపోయిన ఆవు దగ్గర్నుంచి అమ్మకానికున్న పడవ దాకా ప్రతి ప్రకటనకీ ఆ వరుస కావాలి కాబట్టి, కూర్చిన సీసపు అక్షరాలను విప్పకుండా దారంతో కట్టి కిటికీలో ఉంచుకుంటాను. చెయ్యి దానంతట అదే అటు వెళ్తుంది.

ప్రకటన చదవలేదు. చిన్నదే కదా.

ఏప్రిల్ 9

చదివాను.

"కావలెను: ఒక వాగు. మిల్లు రోడ్డు మీద కొత్త వంతెన సిద్ధముగా నున్నది. పొడవు నలభై అడుగులు, రాతి స్తంభాలు, రెండు వైపులా పిట్టగోడ. కింద పారుటకు నీరు లేదు. మంచి నడవడి గల వాగు ఏదైనా ఖాళీగా ఉన్నచో వెంటనే రావలెను. చేపలు గలదానికి ప్రాధాన్యము. వివరాలకు ప్రింటరును కలవండి."

ఆ వంతెన కట్టించింది గవర్నరు గారు, కట్టింది ఆయన బావమరిది. అక్కడ వాగన్నది లేదని సాల్ట్‌విక్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే ఎవరూ పైకి అనరు.

వెళ్లి మళ్లీ పడుకున్నాను.

ఏప్రిల్ 10

పత్రిక ఒక్కటీ మిగల్లేదు. సత్రంలో బల్ల ఎక్కి చదువుతున్నారట. నేను వీధిలోకి వెళ్తే, ఎన్నడూ పలకరించనివాళ్లు కూడా "వాగు దొరికిందా హారో గారూ" అని అడుగుతున్నారు.

మధ్యాహ్నం ఉత్తరపు పొలాల నుంచి ఒక రైతు వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇక్కడ వాగు కావాలన్నారంట. మా పొలంలో ఒకటుంది. పట్టుకుపోండి."

"అది ఊరికే సరదాకి వేసిన ప్రకటనయ్యా."

"నాకేం సరదాగా లేదండి. ఏటా నా టర్నిప్పులన్నీ ముంచేస్తోంది. ఉత్తపుణ్యానికి ఇచ్చేస్తాను, మోసుకుపోవడం మాత్రం మీ పని."

పేరూ ఊరూ రాసుకునేదాకా కదల్లేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, "చేపలు కూడా ఉన్నాయండి, అది రాశారా?" అన్నాడు. రాశాను.

ఏప్రిల్ 11

ప్రభుత్వం వైపు నుంచి ఎవరూ రాలేదు. తలుపు గడియ మూడుసార్లు వేసి చూసుకున్నాను.

ఏప్రిల్ 12

వచ్చాడు. గవర్నరు గారి మండలికి కార్యదర్శి లెమ్యుయల్ స్పార్‌హాక్. మనిషి సన్నగా ఉంటాడు, పెట్టుడు జుట్టు మాత్రం ఇద్దరికి సరిపోతుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇది రాసిందెవరు హారో?"

"తెలియదండీ. తలుపు కింద నుంచి తోశారు."

"వివరాలకు నిన్ను కలవమన్నావుగా. కలిశాను. చెప్పు."

ఆ వరుస దారంతో కట్టి ఉంటుందనీ, చెయ్యి దానంతట అదే వెళ్తుందనీ చెప్పబోయాను. విన్లేదు.

"ఇందులో అబద్ధమేమీ లేదు కదండీ. వంతెన కింద నిజంగానే వాగు లేదు కదా."

"లేదు. నీ నేరం అదే. వాగు ఉండి ఉంటే ఏదో వాగాడని వదిలేసేవాళ్లం. ఉన్నమాట అన్నావు కాబట్టి దొరతనానికి ఎక్కువ అవమానం. చట్టం అలాగే ఉంది."

వచ్చే గురువారం మండలి ముందు నిలబడి రాసినవాడి పేరు చెప్పాలట. చెప్పకపోతే నన్ను జైల్లో వేసి ప్రెస్సుకు సీలు వేస్తారట. ఆ కాగితం కూడా తెచ్చివ్వాలట. రాత పోల్చి చూస్తారట.

"ఊళ్లో రాయడం వచ్చిన ప్రతి మగవాడి రాతా తెప్పిస్తున్నాను" అన్నాడు.

కెజాయా ప్రెస్సు దగ్గర సిరా కలుపుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "ఆడవాళ్లవి అక్కర్లేదా అండీ?"

"ఆడవాళ్లవి దేనికమ్మా? ఇందులో చమత్కారం ఉంది."

ఏం చెప్పను? పేరు తెలిస్తే ఈ పాటికి చెప్పేసి ఉండేవాణ్ణి. నేను అలాంటివాడినే. తెలియదు కాబట్టి చెప్పలేను.

ఏప్రిల్ 13

ఆ కాగితం పొయ్యిలో వేశాను. చలిగా ఉండటం వల్ల వేశాను. ఆ రాత ఎవరిదో గుర్తుపట్టడం వల్ల కాదు. ఏ అక్షరానికి తోక చివర చిన్న మెలిక ఉందో నేను చూడలేదు.

మధ్యాహ్నం తోచక వంటింటి అర మీద సీసాలకు అంటించి ఉన్న చీటీలన్నీ నీళ్లలో నానబెట్టి ఊడదీశాను. ముప్పై ఒక్క సీసాలు. ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా. కెజాయా గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఏం చేస్తున్నారు?"

"శుభ్రం చేస్తున్నాను."

"పెళ్లయ్యాక ఇదే మొదటిసారి."

భోజనంలో ప్లమ్ జామ్ అనుకుని రొట్టె మీద ఊరేసిన ఉల్లిపాయలు పెట్టుకున్నాను. ఏమీ అనకుండా తిన్నాను. ఆవిడా ఏమీ అనలేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

పాదిరి గారు నాలుక వల్ల కలిగే పాపాల మీద రెండు గంటలు మాట్లాడారు. ఆయన నాలుక మాత్రం అలసిపోలేదు. ఊరంతా తలలు తిప్పి నన్ను చూసింది. నేను పైకప్పు దూలాలు లెక్కపెట్టాను. పద్నాలుగు.

ఏప్రిల్ 15

ఈ వారం పత్రిక నాలుగు పేజీలూ టర్కీయే.

"ఇందులో ఏమీ లేదు" అంది కెజాయా.

"అదే క్షేమం."

"తెల్లకాగితం అమ్మితే ఇంకా క్షేమం కదా. సిరా కూడా మిగులుతుంది."

నాకు కోపం వచ్చింది. జైలుకెళ్లేది ఎవరు, ప్రెస్సు పోతే రోడ్డున పడేది ఎవరు అని అడిగాను. ఆవిడ నా వైపు తిరిగి, "నేనూ పడతాను. నన్నేం సత్రంలో దింపుతారా?" అంది. చేతులు తుడుచుకుంటూ, "గురువారం మీరు ఎవరి పేరైనా చెప్పదలచుకుంటే చెప్పండి. నేనేమీ అనుకోను" అంది.

తెలియని పేరు ఎలా చెప్తానని అరిచాను. ఈ అరుపు పక్కింటికి వినబడే ఉంటుంది. మంచిదే.

ఏప్రిల్ 16

మళ్లీ స్పార్‌హాక్. ఈసారి కూర్చున్నాడు, అలసిపోయి ఉన్నాడు. సంగతేమిటంటే, ఏప్రిల్ 8 నాటి పత్రికను గురువారం కోర్టు ముందు తలారి చేత బహిరంగంగా తగలబెట్టించాలని మండలి తీర్మానించింది. తలారి ఈ ఊళ్లో లేడు కాబట్టి బందెలదొడ్డి కాపరి ఫినియస్‌ని ఆ పనికి వేశారు. ఊళ్లో ఎవరూ చేయని పనులన్నీ ఫినియస్సే చేస్తాడు. చిక్కల్లా పత్రికలతోనే వచ్చింది. మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగినా ఒక్కటీ దొరకలేదు.

"ఒకడు చేప చుట్టానంటాడు, ఒకడు బూట్లో కుక్కానంటాడు. పాదిరి గారి దగ్గర కూడా లేదట. అబద్ధం, ఆయన మొహం చూస్తేనే తెలిసింది."

కెజాయా రొట్టె, జామ్ తెచ్చి పెట్టింది. సీసా మీద చీటీ లేదు. ఆయన ఒక పెద్ద ముక్క కొరికాడు. అది ఆవముద్ద. పెట్టుడు జుట్టు కిందికి జారేదాకా దగ్గాడు. కళ్లు తుడుచుకుంటూ అసలు కాగితం అడిగాడు. చలికి పొయ్యిలో వేశానన్నాను. అరవాలనుకున్నాడు గానీ గొంతు రాలేదు.

నీళ్లు తాగాక అసలు పని చెప్పాడు.

"యాభై ప్రతులు మళ్లీ అచ్చెయ్యి."

"ఏవి?"

"అవే. తగలబెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదయ్యా. మంట వేసి అందులో ఏమీ వెయ్యకపోతే జనం నవ్వరూ?"

"మళ్లీ వేస్తే మళ్లీ నేరం కాదా అండీ?"

"కాల్చడానికి వేస్తే కాదు."

నేను భయస్థుణ్ణి కదా, ఆ మాట రాసి సంతకం పెట్టమన్నాను. రాశాడు. మండలి ముద్ర కూడా వేశాడు.

ఏప్రిల్ 17, బుధవారం

రోజంతా అచ్చు. పాత అక్షరాలన్నీ విప్పి గళ్లలో వేసేశాం కాబట్టి మొదటి నుంచీ కూర్చాలి. కెజాయా ఆ ప్రకటన కాగితం చూడకుండానే కూర్చేసింది. జ్ఞాపకశక్తి మంచిది.

ప్రభుత్వం చెప్పి వేయించే ప్రతి కాగితం నెత్తినా "గవర్నరు గారి మండలి ఆజ్ఞానుసారము" అని ఉండాలి. చట్టం. చట్టాలూ, కొత్త పన్నులూ, ప్రార్థన దినాలూ, అన్నిటికీ అదే వరుస. దాన్నీ దారంతో కట్టి పెట్టుకున్నాను. తీసి, పేజీ నెత్తిన పెట్టాను.

మొదటి ప్రతి లాగాక కెజాయా దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. మండలి ఆజ్ఞానుసారము, కావలెను ఒక వాగు. అలా చూస్తూ చూస్తూ ప్రెస్సు పిడి పట్టుకుని నేల మీద కూలబడి నవ్వింది. మొహానికి సిరా చేతులు అడ్డం పెట్టుకుంది, ముక్కు నల్లబడింది.

"ఎందుకు పెట్టారు ఇది?"

"చట్టం కదా."

"చట్టమే" అని మళ్లీ నవ్వింది.

ఎందుకు నవ్విందో నాకు అర్థం కాలేదు. అర్థమైంది.

అచ్చుకు ముందు కాగితం తడపాలి కదా, యాభై ప్రతులూ ఇంకా తడిగా ఉన్నాయి. తీగ మీద ఆరేద్దామంటే అమ్ముడుపోని టర్కీ పత్రికలు వేలాడుతున్నాయి. రేపు పొద్దున్నే షెరీఫు మనిషి వచ్చి కట్ట పట్టుకుపోతాడు. నేనేం చెయ్యను.

ఏప్రిల్ 18

జైల్లో ఉన్నాను. ఇక్కడ బల్ల లేదు. రేపు రాస్తాను.

ఏప్రిల్ 19

బోర్లించిన బకెట్ మీద రాస్తున్నాను. జైలు, బందెలదొడ్డి ఒకే గోడకు అటూ ఇటూ. అటు పక్క ఎవరిదో పంది ఉంది. కాపరి ఇద్దరికీ ఒకడే, ఫినియస్.

నిన్నటి సంగతి.

కోర్టు ముందు ఊరంతా చేరింది. ఫినియస్‌కి తలారి ముసుగు కుట్టించారు గానీ కళ్లకు కంతలు పెట్టడం మర్చిపోయారు. రెండుసార్లు గుర్రానికి గుద్దుకున్నాక దాన్ని నెత్తి మీదికి మడుచుకున్నాడు. పుల్లలు అంటించి, కట్టంతా అందులో పడేశాడు. మంట ఆరిపోయింది. మళ్లీ అంటించాడు. పొగ తప్ప ఏమీ రాలేదు. గవర్నరు గారి బావమరిది దగ్గుతూ మెట్ల మీదికి వెళ్లిపోయాడు.

"తడిగా ఉన్నాయండి ఇవి" అన్నాడు ఫినియస్ దిక్కులు చూస్తూ.

స్పార్‌హాక్ పళ్లు కొరికి, "ఆరబెట్టు" అన్నాడు.

"యాభై ఉన్నాయి కదండి. నాకు చేతులు రెండే."

అప్పుడు జనం సాయానికి వచ్చారు. ఇంత మంచివాళ్లని నాకు తెలియదు. తలా ఒక ప్రతి తీసుకుని, గాలికి ఊపుతూ, ఆరిందో లేదో దగ్గరగా పెట్టి చూస్తూ, ఒక్కొక్కరే ఎండ ఉన్నవైపు నడిచారు. ఎండ వాళ్ల వాళ్ల ఇళ్లవైపు ఉన్నట్టుంది. కాసేపటికి ఫినియస్ దగ్గర పుల్లలు మాత్రం మిగిలాయి. "మండలివారే వాగు అడుగుతున్నారు చూడండి" అని సత్రం వైపు నుంచి ఎవరో అంటుంటే విన్నాను.

తరువాత లోపల విచారణ. పెద్ద జడ్జి గారికి ఆకలిగా ఉంది, మాటిమాటికీ గడియారం తీస్తున్నారు. నేను మండలి ఉత్తర్వు ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, స్పార్‌హాక్‌ని చూసి, మళ్లీ చదివారు.

"అచ్చెయ్యమని నువ్వే రాసిచ్చి, అచ్చేశాడని ప్రెస్సుకు సీలు వెయ్యమంటావా?"

"ప్రెస్సు సంగతి వదిలేయండి. రాసినవాడి పేరు చెబితే చాలు. ప్రమాణం చేసి చెప్పాలి. హారో, ఆఖరిసారి అడుగుతున్నాను. ఎవరు రాశారు?"

బైబిలు మీద చెయ్యి పెట్టాను. కెజాయా వెనక వరుసలో కూర్చుని ఉంది. లేవబోతోందని నాకు తెలిసింది. లేచేముందు ఆవిడ ఎప్పుడూ బోనెట్ ముడి సర్దుకుంటుంది. రాసినవాళ్లకి రెండేళ్ల జైలు అని స్పార్‌హాక్ విచారణ మొదట్లోనే చెప్పాడు. రెండేళ్లు ఆవిడ ఇక్కడ, ఈ పంది పక్కన.

"నేనే రాశాను" అన్నాను.

నవ్వారు. మొదట ఎవరో ఒకరు, ఆ తరువాత అందరూ. జడ్జి గారు కూడా. నా మొహం మండిపోయింది.

కెజాయా లేచింది. "అయ్యా, నమ్మకండి. మా ఆయనకి అంత చమత్కారం లేదు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా నన్ను నవ్వించిన పాపాన పోలేదు."

"మరి ఎవరు రాశారమ్మా?" అన్నారు జడ్జి గారు.

"మండలి ఆజ్ఞానుసారమని నెత్తినే ఉంది కదండీ. మండలివారినే అడగండి."

స్పార్‌హాక్ నోరు తెరిచాడు. జడ్జి గారు గడియారం మూసి, భోజనానికి లేస్తూ తీర్పు చెప్పారు. రాసింది ఎవరో తేలలేదు, ప్రెస్సుకు సీలు అక్కర్లేదు. కానీ రాయనిది రాశానని ప్రమాణం మీద అబద్ధమాడినందుకు జేబెజ్ హారోకి మూడు రోజుల జైలు.

పోయిన వారం నిజం చెప్పినందుకు పట్టుకున్నారు, ఈ వారం అబద్ధం చెప్పినందుకు. నేనెప్పుడూ ఏమీ చెప్పకుండా బతికినవాణ్ణి.

ఇక దాచి లాభం లేదు. రాసింది కెజాయా. జామ్ చీటీల మీద రాతే అది. మొదటి రోజు పొద్దున్నే తెలుసు. ఈ పుస్తకం ఎవరికైనా దొరుకుతుందని ఇన్నాళ్లూ భయపడ్డాను. దొరికితే దొరకనీ. చాలా బాగా రాసింది. "మంచి నడవడి గల వాగు" అన్నచోట నేను మొదటిసారి చదివినప్పుడే నవ్వాను, దుప్పటి కప్పుకుని.

ఏప్రిల్ 20

కెజాయా వచ్చింది. కిటికీ ఊచల మధ్య నుంచి మాంసం రొట్టె ఇచ్చి, తరువాత చుట్టి ఉన్న కాగితం ఇచ్చింది. సోమవారం పత్రిక ప్రూఫు. పద్దెనిమిదేళ్లుగా ప్రూఫు నా చేతికి రాగానే నేను చేసే మొదటి పని కలం తడిపి కొట్టివేతలు మొదలుపెట్టడం.

టర్కీ లేదు. నాలుగు పేజీల్లోనూ మా ఊరే ఉంది. వంతెన కొలతలున్నాయి, కట్టించినవారి పేరుంది, కట్టిన బావమరిది పేరుంది, తడిసిన యాభై ప్రతులున్నాయి, విచారణ మొత్తం మాటకు మాట ఉంది. కలం తడిపాను. మొదటి పేజీలో కొట్టాల్సిన అబద్ధం దొరకలేదు. రెండో పేజీలోనూ లేదు. మూడో పేజీలో ఆగిపోయాను.

"మా ఆయనకి అంత చమత్కారం లేదు, అన్నది కూడా వేశావా?"

"అన్నమాటే కదా. అక్కర్లేదనుకుంటే కొట్టేయండి. పత్రిక మీది."

"పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నవ్వించలేదా నేను?"

ఊచలు పట్టుకున్న ఆవిడ వేళ్ల సందుల్లో ఇంకా సిరా ఉంది.

"బుధవారం ఆ మొదటి ప్రతి చూసేదాకా లేదు."

"నువ్వు అన్నది గురువారం."

"అవును. పెద్ద జడ్జి ముందు అబద్ధమాడాను. అదీ వేయమంటారా?"

పక్కన పంది గోడను రుద్దుకుంటోంది. నేను ఆ చమత్కారం లేదన్న వాక్యాన్ని మళ్లీ చదివాను. ఎల్లుండికల్లా రేవంతా చదువుతుంది, వాగు ఇస్తానన్న రైతు కూడా చదువుతాడు. నవ్వుతారు. గవర్నరు గారి పేరు కంటే ఆ ఒక్క వరుస కొట్టేయడానికే నా చెయ్యి ఎక్కువ లాగింది, ఇది నిజం.

"నీ అబద్ధం సంగతి వద్దు. వేస్తే నిన్నూ లోపల వేస్తారు" అన్నాను. "మిగతాది అన్నది అన్నట్టు వెయ్యి."

ఒక్క వరుస కూడా కొట్టకుండా ప్రూఫు అడుగున సంతకం పెట్టి, ఊచల మధ్య నుంచి ఇచ్చాను. ఆవిడ కాగితం అందుకుని నా వేళ్లు కూడా పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.